పాత పికప్ వెనక హౌసింగ్: 5.38 తీసి 4.88 వెయ్యాలా, 4.27కి పోవాలా?

పొదలకూరు_పికప్

అన్నలందరికీ నమస్కారం. బండి వివరాలు ఇస్తుండా. మహీంద్రా పాత పికప్, 2523 సీసీ డీఐ టర్బో ఇంజిన్, 4 గేర్ల పెట్టె, టాప్ గేరు 1:1. ముందు యజమాని వెనక పాత జీపు హౌసింగ్ (వెనక చక్రాల నడిమి పళ్ళచక్రాల గూడు) ఎక్కించినట్టుండాడు. టూ వీల్ డ్రైవే. టైర్లు 215/75 ఆర్ 15.

వాడకం: రాపూరు వైపు తోటల నుంచి పొదలకూరు యార్డుకి నిమ్మకాయల బస్తాలు, ఖాళీ రోజుల్లో ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులకి మేత. లోడు 1200, 1300 కేజీలు. నెలకి రెండు మూడు సార్లు రాపూరు–చిట్వేలి ఘాట్ ఎక్కాల్సొస్తది.

సమస్య: హైవే మీద 75 దాటదు, ఇంజిన్ గోల పెడతది. 50 దగ్గర యాక్సిలరేటర్ నొక్కితే వెనక నుంచి కూత, వదిలితే కూత మారతది. ఎట్టాగూ హౌసింగ్ విప్పాలి కాబట్టి రేషియో (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ తిరిగే చుట్లు) కూడా మార్చేద్దామనుకుంటుండా. 4.88 మేలా, 4.27 మేలా?

ఒంగోలు_క్రౌన్‌పినియన్

తమ్ముడూ, ఇప్పుడు లోపల ఉన్నది ఎంతో తేల్చకుండా కొత్తది కొనబాకు. హౌసింగ్ మూత బోల్టుకి రేకు ముక్క ఉంటే దాని మీద పళ్ళ లెక్క కొట్టి ఉంటది, కానీ చేతులు మారిన బండిలో ఆ రేకుని నమ్మలేం. ఇట్ట చూడు:

చదును నేల మీద బండి నిలిపి, ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్ళు పెట్టు. గేరు న్యూట్రల్. వెనక ఒక చక్రం నేల మీదే ఉంచి, రెండోది మాత్రమే జాకీతో లేపి స్టాండు పెట్టు. హ్యాండ్ బ్రేక్ ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరు పెట్టె నుంచి హౌసింగ్‌కి వచ్చే షాఫ్ట్) మీద పనిచేసే రకమైనా, వెనక చక్రాల మీదదైనా అది వదలాలి, అందుకే రాళ్ళు గట్టిగా ఉండాలి. షాఫ్ట్ మీద, టైరు మీద సుద్దతో గీతలు గియ్యి. లేపిన చక్రాన్ని సరిగ్గా 20 చుట్లు తిప్పు, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో పక్కన ఇంకొకరు లెక్కపెట్టాలి. ఒక చక్రం ఆగి ఉంది కాబట్టి, రెండోది 20 తిరిగితే క్రౌన్ (హౌసింగ్ లోపలి పెద్ద పళ్ళచక్రం) 10 తిరుగుతది. షాఫ్ట్ 53 ముప్పావు చుట్లు తిరిగితే 43 పళ్ళ క్రౌన్, 8 పళ్ళ పినియన్ (క్రౌన్‌ని తిప్పే చిన్న పళ్ళచక్రం), అంటే 5.38. 48 ముప్పావు అయితే 39/8, అంటే 4.88. 42, 43 మధ్యలో ఆగితే 47/11, అంటే 4.27.

రెండు చుట్లతో సరిపెట్టుకుంటే పావు చుట్టు తేడా కంటికి ఆనదు. అందుకే 20.

లెక్కల_కావలి

పళ్ళు తేలేలోపు లెక్క నేను వేసి పెడతా. 215/75 ఆర్ 15 టైరు కాగితం మీద చుట్టుకొలత 2.21 మీటర్లు. లోడు పడితే టైరు కిందికి నొక్కుకుంటది, నిజంగా దొర్లేది 2.15 దగ్గర. మీ బండిది కొలవాలంటే లోడుతో, సరైన గాలితో, టైరు మీద గీత గీసి నేల మీద ఒక చుట్టు నెట్టి టేపు పట్టండి.

ఆ 2.15తో, టాప్ గేరు 1:1 అనుకుని, 80 వేగంలో ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు (ఆర్‌పీఎం):
5.38 అయితే 3330
4.88 అయితే 3020
4.27 అయితే 2650

ఆ డీఐ ఇంజిన్ గరిష్ఠ శక్తి ఇచ్చేది 3200 దగ్గర. 5.38తో 3200 తిప్పితే వచ్చే వేగం 77 కిలోమీటర్లు. కాబట్టి 75 దాటకపోవడం ఇంజిన్ జబ్బు కాదు. అదే 3200కి 4.88 మీద 85, 4.27 మీద 97 వస్తది. కానీ అది గేరు ఇచ్చే హద్దు మాత్రమే. 1300 కేజీల లోడుతో ఎదురు గాలిలో ఆ 97ని ఇంజిన్ లాగదు.

ముత్తుకూరు_మేతబండి

అయితే 4.27 వేసేయండి, డీజిల్ మిగులుద్ది. చెరువుల రోడ్లన్నీ పళ్ళెంలా చదును గదా.

రాపూరు_ఘాట్

మీకు చదును, ఆయనకి ఘాట్ కూడా ఉంది. చదును చూసి రేషియో పెట్టుకుంటే ఘాట్‌లో క్లచ్ ప్లేటు కాలుద్ది. మలుపులో ఎదురుగా బస్సొచ్చి మీరు ఆగారనుకోండి, మళ్ళీ లోడుతో కదలాలి. 4.27తో మొదటి గేరులో కూడా క్లచ్ ఎక్కువసేపు జార్చాల్సొస్తది.

ఇంకోటి ఎవరూ చెప్పలేదు. దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్. 5.38 నుంచి 4.27కి పోతే అదే గేరులో ఇంజిన్ పట్టు అయిదో వంతు తగ్గుద్ది. ఆ బరువంతా డ్రమ్ముల మీద పడుద్ది. ఇప్పుడు మూడో గేరులో దిగే చోట రెండోది వెయ్యాలి. ఆ అలవాటు లేని డ్రైవరు చేతికి బండి ఇస్తే, చివరి మలుపులకి వచ్చేసరికి బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి.

లెక్కల_కావలి

రాపూరు అన్న చెప్పింది అంకెల్లో చూద్దాం. బండి, లోడు కలిపి 2750 కేజీలు. నూటికి 10 ఎత్తు లేచే వాలు ఎక్కాలంటే వాలుకి 275, టైర్ల దొర్లుడుకి 40, మొత్తం 315 కేజీల తోపు కావాలి. ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) సుమారు 180 న్యూటన్ మీటర్లు, దారిలో 12 శాతం నష్టం తీసేశా. మూడో గేరు 1.4 అనుకుంటే చక్రం దగ్గరికి చేరేది:

5.38తో 355
4.88తో 322
4.27తో 282

అంటే అదే వాలుని 5.38 మూడో గేరులో కాస్త మిగులుతో ఎక్కుద్ది. 4.88 అంచు మీద ఎక్కుద్ది, ఆర్‌పీఎం 1500 కిందికి జారితే రెండోది వెయ్యాల్సిందే. 4.27 మూడో గేరులో ఎక్కనే ఎక్కదు. రెండో గేరు 2.3 అనుకుంటే 4.27 కూడా 460 దాకా ఇస్తది, కాబట్టి బండి ఆగిపోదు, ఘాట్ అంతా రెండో గేరులోనే నడుస్తది. నూటికి 12 లేచే మలుపులకి కావాల్సింది 370. మీ పెట్టెలో గేర్ల అంకెలు వేరైతే ఇందులో అవి పెట్టి లెక్క కట్టుకోండి, పద్ధతి ఇదే.

డీజిల్ సంగతి. ఆర్‌పీఎం తగ్గితే మిగులుద్దనేది లోడు తక్కువున్న చదును రోడ్డుకి నిజం. టాప్ గేరు లాగలేక మాటిమాటికీ మూడోది వేస్తా పోతే ఆ మిగులు అక్కడే కరిగిపోద్ది.

కందుకూరు_ఫోర్‌బైఫోర్

నా మాట వేరు. 5.38ని అట్నే ఉంచి, 5 గేర్ల పెట్టె ఎక్కించండి. అయిదో గేరు 0.8 ఉండే పెట్టె అయితే 5.38 × 0.8 = 4.30. టాప్‌లో 4.27 వేసినట్టే, మొదటి నాలుగు గేర్ల అంకెలు ఇప్పటివే ఉంటే, ఒకటి నుంచి నాలుగు దాకా ఇప్పుడున్న బలం ఇప్పుడున్నట్టే. ఘాటూ దక్కుద్ది, హైవే కూడా దక్కుద్ది.

కానీ సులువు పని కాదు, ముందే చెప్తున్నా. పెట్టె పొడవు మారుద్ది కాబట్టి వెనక మౌంటింగ్ జరపాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి అతికించి బ్యాలెన్స్ చేయించాలి. బ్యాలెన్స్ చెయ్యకుండా బిగిస్తే 60 దగ్గర నేల వణుకుద్ది, కొన్నాళ్ళకి పెట్టె వెనక బేరింగ్, సీలు రెండూ పోతాయి. క్లచ్ ప్లేటు స్ప్లైన్ (షాఫ్ట్‌తో కరుచుకునే గాడులు) కొత్త పెట్టె షాఫ్ట్‌కి సరిపోవాలి. గేర్ లివర్ చోటు మారితే ఫ్లోరు కొయ్యాలి. పెట్టె కొనే ముందు అయిదో గేరు అంకె కూడా చూసుకోవాలి, 0.85 ఉంటే టాప్‌లో 4.57 వస్తది, 4.30 కాదు.

ఒంగోలు_క్రౌన్‌పినియన్

కందుకూరు వాళ్ళ మాట సరైనదే, హౌసింగ్ బాగున్న బండికి. ఇక్కడ హౌసింగ్ కూస్తంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక కూత, వదిలినప్పుడు ఇంకో కూత అంటే క్రౌన్, పినియన్ కరుచుకోవడంలో తేడా, లేదా పినియన్ బేరింగ్ వదులు. నొక్కినా వదిలినా ఒకే హోరు అయితే పక్క బేరింగులు, చక్రాల బేరింగులు. మలుపులో మాత్రమే చప్పుడైతే స్టార్ పినియన్లు (మలుపులో రెండు చక్రాలూ వేరు వేగాల్లో తిరగనిచ్చే చిన్న పళ్ళచక్రాలు), వాటి వాషర్లు. కదిలేటప్పుడు ఒక్క దెబ్బలా టక్కుమంటే మొదట ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (కొనల్లోని కీళ్ళు) చూడు, అది తక్కువ ఖర్చు.

ఎట్టాగూ క్రౌన్ పినియన్ మార్చాల్సిన బండి కాబట్టి, 4 గేర్ల పెట్టె ఉన్నంత కాలం ఈ వాడకానికి నా మాట 4.88. అందులో సందేహం లేదు. 4.27 ఘాట్ మానేసిన బండికి.

ఆయిల్ తీసి చూశావా? తియ్యకపోతే ఇప్పుడే ప్లగ్ విప్పి కొంచెం గిన్నెలో పట్టు. వేళ్ళ మధ్య రుద్దితే నల్లగా, మెత్తగా మసిలా ఉంటే మామూలు అరుగుదల. ఎండలో మెరిసే సన్న పొడి ఉంటే బేరింగ్. గోరుకి గుచ్చుకునే ముక్క, అంచు పదునుగా, ఒక వైపు నున్నగా ఉంటే అది పంటి ముక్క, ఆ క్షణం నుంచి బండి నడపబాకు. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరినాయి.

పొదలకూరు_పికప్

ఇందాకే చూశా అన్నా. షాఫ్ట్ 53 దాటి ముప్పావు, అంటే 5.38 ఖాయం. ఆయిల్ టీ రంగే. పంటి ముక్కలు లేవు, మెరిసే పొడి మాత్రం ఉంది.

ముత్తుకూరు_మేతబండి

టీ రంగంటే బ్రీతర్ (హౌసింగ్ మీది గాలి రంధ్రం) మూసుకుపోయినట్టే. చెరువు గట్ల మీద తిరిగే బండ్లన్నిటికీ ఇదే పీడ. హౌసింగ్ వేడెక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోవాలి, బ్రీతర్ బురదతో మూసుకుంటే సీలు పక్క నుంచి ఆయిల్‌ని తోసుకుని పోద్ది. ఆ వేడి హౌసింగ్ కాలవ నీళ్ళలో దిగితే ఒక్కసారిగా చల్లబడి, లోపల గాలి కుంచించుకుని, అదే సీలు దగ్గర ఉప్పు నీళ్ళు లోపలికి పీల్చుద్ది. బేరింగ్ రోలర్ల మీద తుప్పు చుక్కలు పడేది అట్టనే.

బ్రీతర్ తీసి ఆ రంధ్రానికి నిపిల్ పెట్టి, డీజిల్ పైపు ఒకటి తొట్టి కింద ఛాసిస్ పైదాకా లాగి, కొన కిందికి వంచి కట్టండి. చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడు లాగకుండా పైపు కాస్త వదులుగా ఉండాలి.

లెక్కల_కావలి

4.88 ఖాయమైతే మీటరు సంగతి మర్చిపోబాకండి. మీటరు కేబుల్ గేరు పెట్టె వెనక నుంచి వస్తది, షాఫ్ట్ చుట్లు మాత్రమే దానికి తెలుసు. 5.38 నుంచి 4.88కి మారితే ఇప్పుడు 60 చూపించే చోట నిజంగా 66 పోతుంటది. ఈ బండికి హౌసింగ్ ఒకసారి మారింది కాబట్టి మీటరు ఇప్పుడే తప్పు చూపిస్తుండొచ్చు. పని అయ్యాక ఫోన్‌లో జీపీఎస్ పెట్టి 40, 60 దగ్గర సరిచూసి, తేడా ఉంటే పెట్టెలోని మీటరు పళ్ళచక్రం మార్పించండి. కిలోమీటర్ల లెక్క మీద ఆయిల్ మార్చేవాళ్ళకి ఇది ముఖ్యం.

పొదలకూరు_పికప్

టైర్లు 235/75 వేస్తే రేషియో మార్చకుండానే పని జరుగుద్దంటుండారు ఇక్కడ?

లెక్కల_కావలి

ఆ టైరు వ్యాసం 733, మీది 703 మిల్లీమీటర్లు. తేడా 4 శాతం. 5.38 కాస్తా 5.16 అయినట్టు, 80 దగ్గర 140 ఆర్‌పీఎం తగ్గుద్ది, అంతే. దానికి బదులు బరువైన టైరు, బ్రేకు పట్టు తగ్గుదల, లోడు మీద ఫెండరుకి రాసుకోవడం, ఫిట్‌నెస్‌కి పోయినప్పుడు అభ్యంతరం. టైరుతో రేషియో దిద్దుకోబాకండి. కంపెనీ చెప్పిన సైజే వాడండి, లోడ్ రేటింగ్ చూసి.

ఒంగోలు_క్రౌన్‌పినియన్

సరే, ఇప్పుడు కొనుగోలు. పాత జీపు వెనక హౌసింగ్ ఎక్కువగా డానా 44 రకం. అందులో 3.92, అంతకు పై రేషియోలకి ఒక క్యారియర్ (క్రౌన్‌ని బిగించే గూడు), 3.73, అంతకు కింది వాటికి ఇంకోటి. నువ్వు 5.38 నుంచి 4.88కి పోయినా 4.27కి పోయినా క్యారియర్ మార్చే పని లేదు. ఎవరైనా 3.73 సెట్టు చౌకగా ఇస్తామంటే ఆశపడబాకు, క్రౌన్ కూర్చోదు.

పినియన్ స్ప్లైన్లు లెక్కపెట్టి కొను. పాతవాటిలో 10 స్ప్లైన్లు, తర్వాతవాటిలో 26. నీ యోక్‌కి (పినియన్ కొనకి షాఫ్ట్‌ని తగిలించే ముక్క) సరిపడేది కాకపోతే యోక్ కూడా కొనాలి, అప్పుడు షాఫ్ట్ క్రాసు సైజు చూసుకోవాలి.

క్రౌన్, పినియన్ జతగానే కొను. రెండింటి మీదా ఒకే జత నంబరు కొట్టి ఉంటది, ఫ్యాక్టరీలో ఆ రెంటినీ కలిపి తిప్పి అరగదీస్తారు. ఒక హౌసింగ్ నుంచి క్రౌన్, ఇంకో దాని నుంచి పినియన్ తెచ్చి వేస్తే ఎంత బాగా సెట్ చేసినా కూస్తది. బెజవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ సెట్టు తీసుకునేట్టయితే పంటి మీద గోరు నడిపించు, మెట్టు తగిలితే వదిలెయ్. పంటి మొదట్లో నీలం రంగు తిరిగితే ఆయిల్ లేకుండా కాలినట్టు, అదీ వద్దు.

దాంతోపాటు పినియన్ బేరింగులు రెండు, పక్క బేరింగులు రెండు, పినియన్ సీలు, యాక్సిల్ సీళ్ళు, పినియన్ నట్టు, క్రౌన్ బోల్టులు, షిమ్ముల (సందు సరిచేసే పలచటి రేకు వాషర్ల) సెట్టు. మెరిసే పొడి కనిపించాక పాత బేరింగులు తిరిగి వెయ్యడం శుద్ధ తప్పు. నట్టు, బోల్టులు కూడా కొత్తవే.

కందుకూరు_ఫోర్‌బైఫోర్

చదివే ఫోర్ బై ఫోర్ వాళ్ళకి ఒక మాట. మీరు వెనకది మారిస్తే ముందుదీ మార్చాలి. ముందు 5.38, వెనక 4.88 ఉంచి గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే చక్రాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి బలం పంచే పెట్టె) గానీ క్రాసు గానీ పగులుద్ది. టూ వీల్‌లోనే నడుపుతామంటే ముందు షాఫ్ట్ విప్పి పక్కన పెట్టండి.

పొదలకూరు_పికప్

సెట్టింగ్ ఇక్కడే చేయిస్తా అన్నా. మేస్త్రి దగ్గర నిలబడి నేనేమి చూడాలో చెప్పండి.

ఒంగోలు_క్రౌన్‌పినియన్

ఇది వివరంగా చెప్తా, ఎక్కువ సెట్లు పాడయ్యేది ఇక్కడే. అంకెలు డానా 44 రకానికి. విప్పాక అది వేరే హౌసింగ్ అని తేలితే దాని మాన్యువల్ అంకెలే పట్టుకోండి.

విప్పేటప్పుడు పక్క బేరింగ్ టోపీల మీద ఎడమ, కుడి గుర్తు కొట్టించు. అవి తారుమారైతే బేరింగ్ గుండ్రంగా పట్టదు. పాత షిమ్ములు ఏ చోటివి ఆ చోట విడిగా తీగకి గుచ్చి పెట్టు, మందం మైక్రోమీటరుతో కొలిచి కాగితం మీద రాయి. అదే మొదటి అంచనా. పాత పినియన్ తల మీద, కొత్తదాని మీద ప్లస్, మైనస్ అంకె చెక్కి ఉంటది. కొత్తదాంట్లో ప్లస్ ఎంత పెరిగితే అంత షిమ్ము తగ్గాలి.

పినియన్ ప్రీలోడ్ (బేరింగుల బిగుతు): సీలు, క్రౌన్ లేకుండా, కొత్త బేరింగులతో తిప్పడానికి 2.3 నుంచి 4.5 న్యూటన్ మీటర్లు పట్టాలి. కొలిచే రెంచి లేకపోతే యోక్‌కి నూలు తాడు చుట్టి చేప తూచే స్ప్రింగ్ కాటాతో లాగండి. తాడు చుట్టిన చోటు వ్యాసం 10 సెంటీమీటర్లయితే కాటా 5 నుంచి 9 కేజీల మధ్య చూపాలి. కదిలే క్షణం అంకె కాదు, నిదానంగా తిరుగుతున్నప్పటి అంకె. నట్టు బిగింపు 27 నుంచి 30 కేజీ-మీటర్లు. ఇందులో ప్రీలోడ్ షిమ్ముల మీద ఆధారపడుద్ది గానీ నట్టు మీద కాదు, కాబట్టి బిగుతుగా ఉందని నట్టు వదులు చేసి సరిపెట్టే మేస్త్రిని ఆపు. ఆ నట్టు ఊడితే పినియన్ ముందుకొచ్చి క్రౌన్ పళ్ళని గీకుద్ది.

క్రౌన్ బోల్టులు 7.5 కేజీ-మీటర్లు, ఎదురెదురుగా బిగిస్తూ, లాకింగ్ జిగురుతో. తర్వాత బ్యాక్‌లాష్, అంటే క్రౌన్, పినియన్ పళ్ళ మధ్య సందు. డయల్ గేజ్ ముల్లు పంటికి నిలువుగా ఆనించి, నాలుగు చోట్ల చూస్తే 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య రావాలి. ఎక్కువుంటే క్రౌన్‌ని పినియన్ వైపు జరపాలి. ఒక పక్క 0.10 షిమ్ము తీసి రెండో పక్క వేస్తే బ్యాక్‌లాష్ సుమారు 0.07 మారుద్ది. చేత్తో ఊపి "సరిపోయింది" అంటే ఒప్పుకోబాకు. చేతికి 0.15, 0.30 తేడా తెలీదు.

ఆఖరున రంగు. నాలుగైదు పళ్ళకి పలచగా మార్కింగ్ రంగు పూసి, క్రౌన్‌ని గుడ్డతో ఒత్తి పట్టి పినియన్ తిప్పాలి. ఒత్తిడి లేకుండా తిప్పితే గుర్తు అబద్ధం చెప్తది. గుర్తు పంటి ఎత్తులో మధ్యన పడాలి. కొన మీద పడితే పినియన్ వెనక ఉంది, షిమ్ము కలపాలి. మొదట్లో పడితే లోపలికి ఎక్కువ వచ్చింది, తియ్యాలి. 0.05, 0.10 చొప్పున మార్చు. అక్కడ ఎంత మార్చారో ప్రీలోడ్ షిమ్ముల్లో కూడా అంత మార్చి మళ్ళీ కాటా పట్టాలి. మూడు నాలుగు సార్లు విప్పి బిగించాల్సొస్తది, దానికి విసుక్కునే చోట పని ఇవ్వబాకు.

రాపూరు_ఘాట్

ఎట్టాగూ విప్పుతున్నారు కాబట్టి యాక్సిల్ ఏ రకమో చూడండి. హబ్బు మధ్యలో ఫ్లాంజ్ బోల్టులు కనిపించి, చక్రం తియ్యకుండానే షాఫ్ట్ బయటికొస్తే ఫుల్ ఫ్లోటింగ్, బరువు హౌసింగ్ మీద ఉంటది. మధ్యలో ఒకటే పెద్ద నట్టు, తాళంచీలతో ఉంటే సెమీ ఫ్లోటింగ్, బరువంతా షాఫ్ట్ మోస్తది. 1300 కేజీలకి ఆ రకంలో షాఫ్ట్ టేపర్, కీ గాడి దగ్గర వెంట్రుకలాంటి పగులు ఉందేమో డీజిల్‌తో కడిగి, తుడిచి, సుద్ద పొడి చల్లి చూడండి. పగులుంటే సుద్ద మీద తడి గీత పైకొస్తది.

కమాన్లకి అదనపు పట్టీ వేసి ఉంటే ఖాళీ బండిలో పినియన్ మూతి కోణం మారుద్ది. గేరు పెట్టె వెనక ఫ్లాంజ్, పినియన్ ఫ్లాంజ్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. లేకపోతే కొత్త క్రౌన్ పినియన్ వేసినా వణుకు పోదు, మళ్ళీ హౌసింగ్‌నే తిడతారు.

పొదలకూరు_పికప్

సెమీ ఫ్లోటింగే అన్నా. షాఫ్టులు కడిగి సుద్ద పరీక్ష చేయిస్తా. 4.88 జత, 10 స్ప్లైన్లు, దొరికింది. ఆయిల్ ఏది, ఎప్పటి నుంచి లోడు వెయ్యొచ్చు?

ఒంగోలు_క్రౌన్‌పినియన్

జీఎల్-5 రకం (గేరు ఆయిల్ గ్రేడు) 80డబ్ల్యూ-90, లేదా డబ్బా మీద జీఎల్-5 అనే ఉన్న ఈపీ 90. జీఎల్-4 వెయ్యబాకు, ఈ పళ్ళ మీద జారుడు ఒత్తిడికి అది ఆగదు. చదును మీద నిలిపి ఫిల్లర్ రంధ్రం అంచు దాకా పొయ్యి. పైపు మార్చిన బ్రీతర్ ఊదితే గాలి పోతుందో లేదో ముందే చూసుకో.

మొదటి రోజు ఖాళీ బండి, 25 కిలోమీటర్లు, 60 దాటకుండా. ఆపగానే, చల్లారకముందే చూడు. పినియన్ మూతి దగ్గర చెయ్యి పెట్టు, వేడిగా ఉండి అయిదు సెకన్లు ఆనించగలిగితే మంచిదే. తాకగానే చెయ్యి వెనక్కొస్తే ప్రీలోడ్ ఎక్కువైంది, అక్కడే వెనక్కి తీసుకెళ్ళు. మంచిదైతే అరగంట చల్లారనిచ్చి, ఇట్ట మూడు నాలుగు సార్లు. 800 కిలోమీటర్ల దాకా సగం లోడు, ఘాట్ వద్దు. 800కి ఆయిల్ తీసెయ్, మొదటి అరుగుదల పొడి అంతా అందులో ఉంటది. ఆ ఆయిల్‌ని గుడ్డ మీద వడగట్టి ఫోటో ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.